డబ్బా మీద 525 రెట్లు అని రాసుంది, కొనొచ్చా?

పోయిన సంచికలో చందమామ గుంటల ఫోటో వేశామో లేదో, టెలిస్కోపుల మీద ప్రశ్నలు వచ్చిపడ్డాయి. ఒకేలాంటివి కలిపేసి కొన్నిటికి జవాబులిస్తున్నాను. మిగతావాళ్ళు అలగొద్దు.

సార్, మావాడు టెన్త్, టెలిస్కోప్ కొనమని ఒకటే గొడవ. ఆన్‌లైన్‌లో 76 ఎంఎం ది ఒకటి చూశాను, డబ్బా మీద 525 రెట్లు అని పెద్దక్షరాల్లో ఉంది. ఇంకొంచెం డబ్బులు పెడితే 130 ఎంఎం ది వస్తోంది గానీ దాని మీద రెట్లు తక్కువ రాశాడు. ఎక్కువ డబ్బులిచ్చి తక్కువ రెట్లది ఎవరైనా కొంటారా?
– ఒక తండ్రి, రాయగడ

కొంటారండి, తెలిసినవాళ్ళు అదే కొంటారు. ముందు ఆ 525 ఎక్కణ్ణుంచి ఊడిపడిందో చూద్దాం. ఆ రకం గొట్టం ఫోకల్ లెంగ్త్, అంటే అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసేదాకా ఉండే దూరం, మామూలుగా 700 ఎంఎం ఉంటుంది, దాంతోపాటు ఒక చిన్న 4 ఎంఎం ఐపీస్ (కన్ను పెట్టే దగ్గరి లెన్సు) ఇస్తారు, 700ని 4 తో భాగిస్తే 175, డబ్బాలోనే రెట్లని ఇంకో 3 రెట్లు పెంచే బార్లో లెన్స్ అని ఇంకో ముక్క పడేస్తారు, 175 ఇంటూ 3, అదిగో మీ 525. లెక్క తప్పు కాదు, కానీ చూస్తే కనబడేది మాత్రం బూడిదరంగు మసక.

ఎందుకంటే టెలిస్కోపుకి పెద్దది చేసి చూపించడం రెండో పని, మొదటి పని వెలుగుని పోగుచెయ్యడం. వాన నీళ్ళు పట్టుకోడానికి చెంబు పెట్టారా గంగాళం పెట్టారా అన్నదే లెక్క. చీకట్లో మన కంటిపాప మహా అయితే 7 ఎంఎం తెరుచుకుంటుంది, 76 ఎంఎం అద్దం దానికి సుమారు 118 రెట్లు వెలుగు పడుతుంది, 130 ది అయితే 345 రెట్లు. పోగైన ఆ వెలుగునే ఐపీస్ పరిచి చూపిస్తుంది, ఉన్నదానికన్నా ఎక్కువ పరిస్తే పలచబడిపోదా మరి. దీనికొక మోటు లెక్క ఉంది, అద్దం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెట్టింపు, అంతకుమించి రెట్లు పెంచి లాభం లేదు. 76కి 152, 130కి 260. అదికూడా గాలి నిలకడగా ఉన్న రాత్రి మాటే, మనవైపు చాలా రాత్రులు పైన గాలి ఎంత కదులుతూ ఉంటుందంటే 200 దాటితే గ్రహం నీళ్ళలో ఉన్నట్టు వణుకుతుంది.

ఇంకోటి, వివరం. దగ్గరగా ఉన్న రెండు చుక్కల్ని విడదీసి చూపించే శక్తి కూడా వెడల్పుని బట్టే. 76 ఎంఎం దాంట్లో సుమారు ఒకటిన్నర ఆర్క్ సెకన్లు, 130 దాంట్లో 0.9. ఆర్క్ సెకను అంటే ఒక డిగ్రీలో 3600వ వంతు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, కింద సిరొంచ ఆయనకి చెప్పేటప్పుడు పనికొస్తుంది.

శని వలయాలు 40, 50 రెట్లకే కనబడతాయి. గురుడి నాలుగు చందమామలు ఇంకా తక్కువకే. కాబట్టి 130 ది తీసుకోండి, స్టాండు గట్టిగా ఉందో లేదో చూసి తీసుకోండి, ముందు 25 ఎంఎం ఐపీస్‌తోనే చూడమనండి. దాంతోపాటు కూడా 4 ఎంఎం ముక్క, బార్లో లాంటివి ఇస్తే వాటిని డబ్బాలోనే ఉంచెయ్యండి, పారెయ్యక్కర్లేదు గానీ వాటితో మొదలెడితే పిల్లాడికి రెండ్రోజుల్లో విసుగొస్తుంది.

గురువుగారూ, నేను హైస్కూల్లో సైన్సు చెప్తాను. లెన్సు టెలిస్కోపు, అద్దం టెలిస్కోపు అని పుస్తకంలో రెండు బొమ్మలున్నాయి. పెద్దవన్నీ అద్దాలవే ఎందుకయ్యాయి, మధ్యలో అడ్డంగా చిన్న అద్దం ఉంటే బొమ్మలో దాని నీడ పడదా అని పిల్లలు అడుగుతున్నారు. స్కూలుకి ఒకటి కొనాలని కూడా ఉంది.
– గుణుపురం

మీ పిల్లలు గట్టివాళ్ళే. లెన్సుదే ముందు పుట్టింది. 1608లో హాలండ్‌లో కళ్ళజోళ్ళు చేసే లిప్పర్‌హే పేటెంటు అడిగాడు, మరుసటి ఏడాది గెలీలియో సొంతంగా చేసుకుని ఆకాశం వైపు తిప్పాడు, 1610 జనవరిలో గురుడి చుట్టూ నాలుగు చుక్కలు తిరుగుతున్నాయని కనిపెట్టాడు. ముందు ఉబ్బెత్తు లెన్సు వెలుగుని ఒకచోటికి తెస్తుంది, వెనక కన్ను పెట్టే దగ్గర ఇంకో లెన్సు. గెలీలియో వెనక లోపలికి వంగిన లెన్సు పెట్టాడు, బొమ్మ నిలువుగానే వచ్చేది గానీ కనబడే మేర మరీ ఇరుకు. 1611లో కెప్లర్ రెండూ ఉబ్బెత్తువే పెట్టమన్నాడు, మేర పెరిగింది, బొమ్మ మాత్రం తలకిందులు. ఇప్పటికీ తలకిందులే, నక్షత్రానికి తలేది కాళ్ళేవి కనక ఎవరూ పట్టించుకోరు.

అసలు తంటా రంగులతో వచ్చింది. గాజు నీలం వెలుగుని ఎక్కువ వంచుతుంది, ఎరుపుని తక్కువ, అంచేత అన్ని రంగులూ ఒకే చోట కలవవు. చవకరకం లెన్సు టెలిస్కోపులో చందమామ అంచు చూడండి, సన్నటి ఊదారంగు గీత ఒకటి అంటుకుని ఉంటుంది, అదే ఇది. లెన్సు పలచన చేసి ఫోకల్ లెంగ్త్ పెంచితే తగ్గుతుందని 17వ శతాబ్దంలో గొట్టాలు పెంచుకుంటూ పోయారు, హెవీలియస్ అనే ఆయన 150 అడుగులది కట్టాడు, స్తంభానికి తాళ్ళతో వేలాడదీసి. గాలి వీస్తే ఇంక చూసినట్టే! తర్వాత రెండు రకాల గాజులు జతచేసి రంగుల్ని చాలావరకు కలిపే లెన్సు వచ్చింది, చెస్టర్ మూర్ హాల్ 1730ల్లో చేయించాడు, పేటెంటు మాత్రం 1758లో డాలండ్‌కి దక్కింది.

అయినా లెన్సుకి ఒక హద్దుంది. వెలుగు దాని గుండా పోవాలి కాబట్టి అంచుల దగ్గర మాత్రమే పట్టుకోగలం, పెద్దదయ్యేకొద్దీ సొంత బరువుకి నడుం దిగిపోతుంది, లోపల గాజులో ఒక్క బుడగ ఉండకూడదు, రెండు వైపులా సానపట్టాలి, రెండు గాజులైతే నాలుగు ముఖాలు. 1897లో అమెరికాలో యెర్కిస్ అబ్జర్వేటరీలో 40 అంగుళాలది పెట్టారు, పరిశోధనకి వాడినవాటిలో లెన్సు దానికి అదే ఆఖరి మెట్టు.

అద్దానికి ఈ బాధలేం లేవు. వెలుగు లోపలికి పోదు, పైనుంచి తిరిగొచ్చేస్తుంది, అందుకే రంగులు విడిపోవు, ఒక్క ముఖం సానపడితే చాలు, వెనకనుంచి ఎన్ని చోట్ల కావాలంటే అన్ని చోట్ల ఆనించొచ్చు. న్యూటన్ 1668లో చేతిలో పట్టేంతది చేశాడు, రాగీ తగరమూ కలిపిన లోహపు అద్దంతో, అది ఊరికే మసకబారిపోయేది. పక్కకి వంచే చిన్న అద్దం పెట్టి గొట్టం పక్కనుంచి చూడటం ఆయన పద్ధతే, రాయగడ ఆయన కొనబోయేదీ అదే రకం. హెర్షెల్ ఇలాంటి అద్దం సొంత చేతుల్తో సానపట్టుకుని 1781 మార్చి 13న యురేనస్‌ని పట్టుకున్నాడు. చిన్న అద్దం పక్కకి కాకుండా వెలుగుని మళ్ళీ వెనక్కే కొట్టి, పెద్ద అద్దం మధ్యలో ఉన్న కన్నంలోంచి బయటికి పంపితే అది కాసెగ్రెయిన్, పొట్టి గొట్టంలో పొడుగు ఫోకల్ లెంగ్త్ ఇమిడిపోతుంది. పెద్ద అబ్జర్వేటరీలు ఎక్కువగా ఈ వరసే.

నీడ సంగతి. పెద్ద అద్దంలో ప్రతి ముక్కా మొత్తం బొమ్మని తయారుచేస్తుంది, ఒక్కో ముక్క ఒక్కో భాగాన్ని కాదు. మధ్యలో అడ్డం వస్తే బొమ్మలో కన్నం పడదు, కొంచెం వెలుగు పోతుంది, స్పష్టత రవ్వంత తగ్గుతుంది, అంతే. పిల్లలకి చూపించాలంటే టెలిస్కోపు మూతి దగ్గర మీ చెయ్యి అడ్డం పెట్టి చందమామని చూడమనండి, చెయ్యి కనబడదు, చందమామ కాస్త మసకేస్తుంది.

అద్దం వంపు మాత్రం గిన్నెలాంటి గోళపు వంపు అయితే చాలదు, అంచుల వెలుగు, మధ్య వెలుగు వేర్వేరు చోట్ల కలుస్తాయి, అంచుల వైపు కాస్త చదునయ్యే పారాబోలా వంపు కావాలి, తేడా మైక్రాన్లలో (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). 1990లో పైకి పంపిన హబుల్ అంతరిక్ష టెలిస్కోపు అద్దం 2.4 మీటర్లది, అంచు దగ్గర కావలసినదానికన్నా 2.2 మైక్రాన్లు ఎక్కువ అరగదీశారు, అంత సన్నటి తప్పుకే బొమ్మలన్నీ అలికినట్టు వచ్చాయి, 1993 డిసెంబర్లో మనుషులు వెళ్ళి సరిదిద్దేదాకా లోకం నవ్వింది. భూమ్మీద ఒకే ముక్క అద్దం 8 మీటర్ల చిల్లర దగ్గర ఆగిపోయింది, అక్కణ్ణుంచి ముక్కలు పేర్చడమే. హవాయిలో కెక్ టెలిస్కోపుకి 36 ఆరు మూలల ముక్కలు కలిసి 10 మీటర్లు, చిలీలో కడుతున్న ఈఎల్‌టీ (ఎక్స్‌ట్రీమ్లీ లార్జ్ టెలిస్కోప్)కి 798 ముక్కలు, 39 మీటర్లు. మన దేశంలో ఉత్తరాఖండ్ దేవస్థల్‌ది 3.6 మీటర్లు, తమిళనాడు కావలూరులో 2.34 మీటర్లది 1986 నుంచి పనిచేస్తోంది. దానికి ఖగోళ శాస్త్రవేత్త వైను బప్పు పేరు పెట్టారు, ఆయన హైదరాబాదులో పెరిగినవాడు, నాన్న నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు.

స్కూలుకైతే 150 ఎంఎం డాబ్సోనియన్. జాన్ డాబ్సన్ అని అమెరికాలో 60ల్లో మొదలెట్టాడు, లోపల న్యూటన్ పద్ధతే, కింద స్టాండు బదులు చెక్కపెట్టె. అద్దాలు కొని తెస్తే పెట్టె మీ ఊరి వడ్రంగే చేసిపెడతాడు.

అంకుల్, మా అన్నయ్య టెలిస్కోప్‌లో గురుడిని పెట్టి అమ్మని పిలుచుకొచ్చేలోగా గురుడు మాయమైపోతున్నాడు. ఎందుకు?
– ఎనిమిదో తరగతి, బరంపురం

గురుడు ఎక్కడికీ పోలేదమ్మా, మనమే తిరుగుతున్నాం. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది. 100 రెట్లు పెట్టుకుంటే మీకు కనబడేది సుమారు అర డిగ్రీ మేర, అంటే ఈ అంచు నుంచి ఆ అంచుకి 2 నిమిషాలు. అమ్మని ముందే పక్కన నిలబెట్టుకోండి, లేదా రెట్లు తగ్గించండి. ధ్రువ నక్షత్రం వైపు ఒక ఇరుసు ఉండేలా బిగించే ఈక్వటోరియల్ స్టాండు ఉంటే ఒక్క మర తిప్పుతూ వెంటాడొచ్చు.

సార్, మా ఒడియా పుస్తకంలో పఠాణి సామంత గురించి ఉంది, టెలిస్కోప్ లేకుండానే అన్నీ కొలిచారని. నిజమేనా? మరి టెలిస్కోప్ ఎందుకు?
– ఇంటర్ విద్యార్థిని, పర్లాకిమిడి

నిజమే. పఠాణి సామంత అంటే సామంత చంద్రశేఖరుడు, 1835లో ఖండపడాలో పుట్టాడు, వెదురు, కర్రతో పరికరాలు తనే చేసుకుని గ్రహాల చోట్లు, చందమామ నడకలో తేడాలు లెక్కగట్టాడు. ఆయన మానయంత్రం చూడ్డానికి ఒక కర్రకి ఇంకో కర్ర అడ్డంగా బిగించినట్టు ఉంటుంది, దాంతో కోణం కొలవొచ్చు, ఎత్తూ దూరమూ తేల్చొచ్చు. ఆకాశంలో ఏది ఎక్కడుందో చెప్పడానికి కోణం చాలు, అదేమిటో చెప్పడానికి వెలుగు కావాలి, టెలిస్కోపు అక్కడ అక్కరకొస్తుంది. ఉత్త కంటికి శని ఒక చుక్కే, ఎంత బాగా కొలిచినా వలయం కనబడదు.

అదే కాలంలో విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు ఇంటి అబ్జర్వేటరీలో టెలిస్కోపు పెట్టుకుని 1874 డిసెంబర్ 9న సూర్యుడి మీదుగా శుక్రుడు నడవడం చూశాడు. అప్పుడు మీ పర్లాకిమిడీ మద్రాసు ప్రెసిడెన్సీలోదే అనుకోండి. ఆయన గురించి పాఠాల్లో ఎందుకు పెట్టరో నాకు అర్థం కాదు.

సార్, మా బావ పుణె దిక్కు పోయినప్పుడు నారాయణ్‌గావ్ కాడ పెద్ద పెద్ద డిష్‌లు చూసి ఫోటోలు పంపిండు. మొత్తం జాలీనే, అవతలి మబ్బులు కనిపిస్తున్నయ్. గిది టెలిస్కోపంటే నమ్మబుద్ధి అయితలేదు. కన్ను పెట్టేది యాడ?
– సిరొంచ

కన్ను పెట్టే చోటే లేదండి. అది ఖోడద్ దగ్గరున్న జీఎంఆర్‌టీ (జెయింట్ మీటర్‌వేవ్ రేడియో టెలిస్కోప్), శాస్త్రవేత్త గోవింద్ స్వరూప్ గారి చలవ. రేడియో తరంగాల్ని పట్టే టెలిస్కోపు. ఆ ఫోటోలో డిష్ మధ్యనుంచి నాలుగు కాళ్ళు పైకి లేచి, కొసన ఒక పెట్టెలాంటిది కనబడుతుంది చూడండి, డిష్ మీద పడ్డ తరంగాలన్నీ అక్కడికి చేరతాయి, యాంటెన్నా వాటిని కరెంటు సిగ్నల్ చేస్తుంది, తర్వాత అంతా కంప్యూటరు లెక్క. బొమ్మ చూసేది స్క్రీను మీదే.

జాలీ ఎందుకంటే, ఏ అద్దమైనా తరంగం పొడుగులో పదో ఇరవయ్యో వంతు నునుపుంటే చాలు, తరంగానికి అది నున్నటి అద్దమే. కంటికి కనబడే వెలుగు తరంగం మైక్రానులో సగం, అందుకే గాజు అద్దానికి అంత సాన. జీఎంఆర్‌టీ పట్టేవి 20 సెంటీమీటర్ల నుంచి కొన్ని మీటర్ల దాకా ఉంటాయి, దాని జాలీ కన్నాలేమో ఒకటి రెండు సెంటీమీటర్లు, అంత చిన్న కన్నం లోంచి అంత పొడుగు తరంగం దూరిపోలేదు, వెనక్కి తిరగాల్సిందే. గాలి మాత్రం దూరిపోతుంది, బరువూ తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. ఇంత తెలివైన పొదుపు నాకు ఇంకో టెలిస్కోపులో కనబళ్ళేదు.

ఇప్పుడు తమాషా చూడండి. ఒక్కో డిష్ 45 మీటర్లు. కానీ తరంగం పొడుగైపోవడంతో వివరం పడిపోతుంది, 21 సెంటీమీటర్ల దగ్గర ఒక్క డిష్ విడదీసి చూడగలిగేది సుమారు పావు డిగ్రీ, అంటే చందమామ సగం. మన ఉత్త కన్నే దానికన్నా ఎన్నో రెట్లు మెరుగు! అందుకే 30 డిష్‌లు పెట్టారు, 14 మధ్యలో దగ్గరదగ్గరగా, మిగతా 16 మూడు కొమ్మలుగా, మొత్తం 25 కిలోమీటర్ల మేర పరిచి. ఒకే తరంగం ఏ డిష్‌కి ఎంత ముందు ఎంత వెనక చేరిందో లెక్క చూసి అన్నిటినీ కలిపితే, వివరం విషయంలో 25 కిలోమీటర్ల డిష్ ఉన్నట్టే, సుమారు 2 ఆర్క్ సెకన్లు. పైన రాయగడ ఆయన 76 ఎంఎం గొట్టానికి ఒకటిన్నర అన్నాను కదా. 25 కిలోమీటర్లు పరిచినా ఆ చిన్న గొట్టం దరిదాపుల్లోకే వచ్చాం.

మరెందుకీ శ్రమ అంటే గొట్టానికి కనబడనివి దీనికి కనబడతాయి. నక్షత్రాల మధ్య చల్లగా పడున్న హైడ్రోజన్ ఏ వెలుగూ ఇవ్వదు, 21 సెంటీమీటర్ల రేడియో తరంగం మాత్రం ఇస్తుంది. పల్సార్లు, అంటే గిర్రున తిరుగుతూ రేడియో తరంగాలు చిమ్మే చచ్చిన నక్షత్రాలు, కూడా ఇలాగే దొరుకుతాయి. పగలూ పనే, మబ్బున్నా పనే. దానికి పడనిది మన ఫోన్లే, అన్ని కోట్ల కిలోమీటర్లు దాటొచ్చిన సిగ్నల్ పక్కన మీ బావ ఫోను పెద్ద గోల. ఫిబ్రవరి 28 సైన్స్ డే అప్పుడు జనాన్ని లోపలికి రానిస్తారు, ఈసారి ఆ రోజులు చూసుకుని వెళ్ళమనండి.

మా నాందేడ్ పక్కన హింగోలి జిల్లా ఔంఢాల లైగో అని కడుతున్నరు. భూముల మాట తప్ప అది ఏందో ఎవ్వరు చెప్తలేరు. అది గూడ టెలిస్కోపేనా?
– ధర్మాబాద్

ఔంఢా అంటే నాగనాథుడి జ్యోతిర్లింగం అనే మనవాళ్ళకి తెలుసు, ఇక ముందు ఇదీ తెలుస్తుంది. టెలిస్కోపు అంటే వెలుగుని పట్టేది అనుకుంటే ఇది కాదు, ఇది పట్టేది గురుత్వ తరంగాల్ని. దీంట్లో ఆకాశం వైపు చూసేది ఏమీ ఉండదు, నేలమీద ఎల్ అక్షరంలా రెండు గొట్టాలు, ఒక్కోటి 4 కిలోమీటర్లు, లోపల గాలి తీసేస్తారు. ఒకే లేజరుని రెండుగా చీల్చి రెండు వైపులా పంపి, చివర అద్దాల మీదనుంచి తిరిగొచ్చాక కలుపుతారు. రెండు దారులూ సమానంగా ఉన్నంతసేపూ రెండు కిరణాలూ ఒకదాన్నొకటి చంపేసుకునేలా సర్దిపెడతారు. ఎక్కడో రెండు బ్లాక్ హోల్స్ ఢీకొంటే ఆ కుదుపుకి స్పేసే (నేల కాదు, అన్నీ ఉన్న ఆ ఖాళీయే) సాగి ముడుచుకుంటుంది, ఆ అలే గురుత్వ తరంగం, ఒక గొట్టం రవ్వంత పెరిగి ఇంకోటి తగ్గుతుంది, అప్పుడు వెలుగు తప్పించుకుని బయటపడుతుంది. రవ్వంత అంటే ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు. నమ్మశక్యం కాదు గానీ 2015 సెప్టెంబర్ 14న అమెరికాలో ఉన్న రెండు లైగోలు ఇలాంటిదే పట్టాయి, 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో జరిగింది.

మనదగ్గర ఎందుకంటే, ఒక్క చోట పడితే ఏ దిక్కునుంచి వచ్చిందో తెలీదు. అమెరికాలో రెండు, ఇటలీలో ఒకటి, జపాన్‌లో ఒకటి ఉన్నాయి, వాటికి దూరంగా మన దగ్గర ఇంకోటి ఉంటే దిక్కు బాగా తేలుతుంది. ఆమాత్రం కుదుపు కొలవాలంటే లారీ పోయినా కష్టమే, నేల నెమ్మదిగా ఉన్న చోటు కావాలి. 2023 ఏప్రిల్లో కేంద్రం 2600 కోట్లకి ఒప్పుకుంది. భూములు ఇచ్చినవాళ్ళ ఊళ్ళలో ఈ నాలుగు ముక్కలు మరాఠీలోనో తెలుగులోనో చెప్పే మనిషిని పెట్టడానికి అందులో ఎంత అవుతుంది చెప్పండి!

జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు అద్దానికి బంగారం ఎందుకు పూశారు? ఎంత పట్టింది? ఎక్స్‌రే టెలిస్కోపు అంటే ఆసుపత్రిలో ఉండేలాంటిదేనా?
– జయపురం, కొరాపుట్ జిల్లా

పూత 18 ముక్కల మీదా కలిపి 50 గ్రాముల లోపే, మన లెక్కలో నాలుగైదు తులాలు, ఒక పెళ్ళి గొలుసు. వెబ్ చూసేది ఇన్‌ఫ్రారెడ్, బంగారం దాన్ని చాలా బాగా తిప్పికొడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ అంటే వేడి కాబట్టి టెలిస్కోపే వెచ్చగా ఉంటే తన వెలుగు తనకే అడ్డం, అందుకే 15 లక్షల కిలోమీటర్ల అవతల, 5 పొరల తెర చాటున, మైనస్ 220 డిగ్రీల కిందకి చల్లార్చుకుని కూర్చుంది. 2021 క్రిస్మస్ రోజున పైకెళ్ళింది.

ఎక్స్‌రే సంగతి వేరే. ఆసుపత్రిలో మిషన్ ఎక్స్‌రేలు పంపుతుంది, ఇక్కడ టెలిస్కోపు పంపేదేమీ లేదు, వచ్చేవాటిని పట్టడమే. అద్దాన్ని ఎదురుగా పెడితే ఎక్స్‌రే అందులో దూరి ఇంకిపోతుంది, తిరిగిరాదు. అదే ఒక డిగ్రీ, అంతకన్నా తక్కువ వాలులో రాసుకుంటూ పోతే తిరుగుతుంది. కాబట్టి అద్దాలు గిన్నెలా ఉండవు, ఒకదాంట్లో ఒకటి దూర్చిన గొట్టాల్లా ఉంటాయి. గాలి ఎక్స్‌రేల్ని కిందికి రానివ్వదు, అందుకని పైకి పంపక తప్పదు. 1999లో అమెరికావాళ్ళ చంద్ర అనే ఎక్స్‌రే టెలిస్కోపు అలాగే వెళ్ళింది, 2015లో మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం కూడా.

మాది బల్లార్‌పూర్, మా దగ్గర ధూళి, కంపెనీ లైట్లు ఎక్కువ. ఇక్కడ టెలిస్కోపు పనికొస్తుందా? డబ్బాతో పాటు సూర్యుణ్ణి చూసే నల్ల గాజు బిళ్ళ కూడా ఇచ్చారు.
– ఒక మైన్ ఉద్యోగి

చందమామకీ, గ్రహాలకీ లైట్లు పెద్ద అడ్డం కాదు, ధూళిలో కూడా నడిచిపోతుంది. పాలపుంత, గెలాక్సీలు కావాలంటే మాత్రం ఊరు దాటి అడివి వైపు పోవాల్సిందే, అక్కడికి టెలిస్కోపు మోసేకన్నా ఒక 10x50 బైనాక్యులర్ పట్టుకెళ్ళండి, అదీ రెండు లెన్సు టెలిస్కోపులే.

ఐపీస్‌కి బిగించే ఆ నల్ల బిళ్ళని మాత్రం ఇవాళే సుత్తితో పగలగొట్టి పారెయ్యండి. అద్దం పోగుచేసిన ఎండంతా వచ్చి దాని మీదే పడుతుంది, వేడికి అది పగిలిందంటే మీరు కన్ను తీసేలోగానే కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం మూతికి ముందువైపు కప్పే సోలార్ ఫిల్టరు ఉంటుంది, అది ఊడకుండా టేపు వేసి బిగించి, పక్కనున్న ఫైండర్‌కి (గురి చూసుకునే చిన్న గొట్టానికి) మూత పెట్టి చూడండి. పిల్లలుంటే ఆ ఫైండర్ పూర్తిగా ఊడదీసి జేబులో పెట్టుకోండి.